దసరాకి ఎకార్డియన్లు సిద్ధం చెయ్యడం గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఎకార్డియన్ క్లబ్బు బరువు నీ మీద పడిందనీ, దసరా నాటికి ఏడుగురిని ఒక వేదిక మీద కూర్చోబెట్టాలనీ రాశావు. సంతోషం. మన పండగల వరస నీకు తెలిసిందే. విజయదశమి వెళ్లిన మంగళవారం మన విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం, ముందురోజు తొలేళ్లు ఉత్సవం, ఆ చుట్టుపక్కల రోజుల్లోనే ఊళ్లో పాటా ఆటా. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన. మాఘ శుద్ధ సప్తమికి అరసవల్లిలో రథసప్తమి. చైత్రంలో రామతీర్థంలో శ్రీరామనవమి. పాటల చిట్టా రాసి పంపావు గానీ, పెట్టెల (ఎకార్డియన్ల) సంగతి ఒక్క ముక్క లేదు. ముందు పెట్టెలు చూడాలిరా, పాటలు తరవాత.

ఒక్కో పెట్టెకీ మధ్యనున్న గాలి తిత్తి బెల్టులు విప్పు. కుడిచేతి మెట్ల వైపు పైన ఉండేలా పట్టుకో, ఎడమచేతి బొత్తాలుండే బేస్ వైపు కిందికి వేలాడాలి. ఏ మెట్టూ, ఏ బొత్తామూ నొక్కకుండా తిత్తిని దాని బరువుకి దాన్ని దిగనియ్యి. నింపాదిగా దిగితే పరవాలేదు. మూడు నాలుగు లెక్కపెట్టేలోపు చివరికంటా జారిపోయిందంటే గాలి ఎక్కడో పోతోంది. తిత్తి మూలల్లో తోలు చిరిగి ఉండొచ్చు, తిత్తికీ చట్రానికీ మధ్య ప్యాకింగ్ ఎండిపోయి ఉండొచ్చు, లేకపోతే ఏదో మెట్టు కింద ప్యాడ్ సరిగ్గా మూసుకోవడం లేదు. చెయ్యి వెనకవైపు తడి చేసుకుని అంచుల వెంబడి పోనిస్తే గాలి తగిలిన చోటు తెలుస్తుంది. అగరుబత్తీ పొగతో చూడమని ఎవరైనా చెప్తే వినకు. పాత పెట్టెల పైపూత సెల్యులాయిడ్. నిప్పు తగిలితే భగ్గుమంటుంది.

లోపల చూడాలంటే తిత్తిని చట్రానికి పట్టి ఉంచే పిన్నులు పీకాలి. పిన్నులన్నీ ఒక్కలా కనిపిస్తాయి గానీ ఒక్కోటీ తన రంధ్రానికి అలవాటు పడి ఉంటుంది. ఒక అట్టముక్క మీద పెట్టె బొమ్మ గీసి, తీసింది తీసినట్టు అదే స్థానంలో గుచ్చు. కలిపేశావంటే బిగించాక ఒకటి వదులు, ఒకటి బిరుసు అవుతాయి. గాలి పోవడం మళ్లీ అక్కడే మొదలు.

ఒక మెట్టు తిత్తి తెరిచేటప్పుడు పలికి, మూసేటప్పుడు మూగపోతోందంటే అది పెద్ద జబ్బు కాదు. ఒక్కో పలక మీద రెండు రీడ్లు, అంటే సన్నటి ఉక్కు నాలుకలు, ఉంటాయి. ఒకటి తెరిచే గాలికి, ఇంకోటి మూసే గాలికి. ఆ రెండింట్లో ఒకదాని కింద దుమ్ము రేణువో, చెక్కపొట్టో ఇరుక్కుంది. పల్చటి కాగితం ముక్క రీడు కిందికి పోనిచ్చి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. రీడుని గోటితో ఎత్తకు, వంచకు. శ్రుతి పోయిందని ఆకురాయి పట్టుకోవద్దు. కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. వినడానికి తేలికే, కానీ గీకిన లోహం తిరిగి రాదు. ఆ పని చేతిలో ఉన్నవాళ్లకి వదిలెయ్యి.

జర్రుమని కంపించే మోత వస్తే మాత్రం మైనం చూడు. చాలా పెట్టెల్లో రీడు పలకలు చెక్కకి అంటుకుని ఉండేది తేనెమైనంలో రోజిన్ కలిపి పోసిన పూతతోనే. ఫిడేలు కమానుకి రాస్తారే, అదే రోజిన్. ఎండకి అది మెత్తబడుతుంది, పలక కొంచెం జరుగుతుంది, పక్కనుంచి గాలి పోతుంది. మన ఊళ్లో ఎకార్డియన్లు పాడయ్యేది వాయించి కాదు, ఎండలో పెట్టి. తలుపులు మూసిన కారులో గానీ, ఆటో వెనక ఎండ తగిలే చోట గానీ అరగంట కూడా ఉంచకు. బస్సులో అయితే పైన కాదు, డిక్కీలో కాదు, ఒళ్లోనే. 120 బేస్ బొత్తాల పెట్టె పది కిలోల దాకా ఉంటుంది, తొడలు తిమ్మిరెక్కుతాయి. తప్పదు.

రెండో శత్రువు చెమ్మ. రీడ్లు ఉక్కువి, మనది సముద్రపు గాలి. పెట్టె కేసులో నీలం రంగు సిలికా జెల్ గుడ్డసంచిలో కట్టి పడెయ్యి. అది గులాబీ రంగుకి తిరిగితే మూకుట్లో సన్నసెగ మీద వేడిచెయ్యి, మళ్లీ నీలమవుతుంది. సంచి కేసులో ఉండాలి గానీ వాయిద్యం లోపల కాదు. పెట్టెని పడుకోబెట్టి దాచకు, వాయించేటప్పుడు ఎలా ఉంటుందో అలా కాళ్ల మీద నిలబెట్టు. రీడ్లకి ఎదురుగా ఉండే తోలు ముక్కలు వేలాడుతూ తిన్నగా ఉండాలి. పడుకోబెడితే కొన్ని వంకర తిరుగుతాయి, అప్పుడు స్వరం ఆలస్యంగా, పట్‌మని మొదలవుతుంది. కేసుని నేల మీద కాక బల్ల మీద పెట్టించు. దసరా రోజులంటే తుపాను రోజులు కూడాను. 2018లో తిత్లీ వచ్చింది అక్టోబర్ 11న.

ఇక శ్రుతి. సంగీతం క్లబ్బుల్లో తగవులన్నీ ఇక్కడే పుడతాయి. కొన్ని పెట్టెలు ఆరో శ్రుతి మెట్టుని (C ఒకటి, D రెండు అని లెక్కపెడితే A; ‘అర’ అంటే ఆ పైన నల్లమెట్టు) 440 హెర్ట్జ్ దగ్గర పలికిస్తాయి, యూరప్ నుంచి వచ్చినవి చాలామటుకు 442. తేడా రెండే కదా అనుకుంటావు. రెండూ కలిపి పట్టి చూడు, సెకనుకి రెండు అలలు లేస్తాయి. ఫోన్లో ట్యూనర్ పెట్టి ఏడు పెట్టెలకీ అదే మెట్టు కొలిచి, అంకె చీటీ మీద రాసి కేసుకి అంటించు. తేడా ఉన్న రెండు పెట్టెల్ని పక్కపక్కన ఒకే గీతం వాయించనివ్వకు. ఒకదానికి వేరే స్థాయి ఇయ్యి, లేదా స-పలకి (షడ్జమ పంచమాలు ఆపకుండా పట్టడానికి) కూర్చోబెట్టు. ఫిడేలు వాళ్లు తీగ బిగించుకోగలరు, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె సన్నగా జరుగుతుంది. మన వాయిద్యం జరగదు. అందుకని అందరూ మనకి సర్దుకోవాలి. ఈ మాట రిహార్సల్ మొదటి రోజే చెప్పు, వేదిక ఎక్కాక కాదు. నాదస్వరంతో మాత్రం జట్టు కట్టకు. వాళ్లు సర్దుకోలేరు, మనమూ సర్దుకోలేం.

మెట్ల పక్కనున్న స్విచ్‌ల మీద చుక్కలుంటాయి చూడు. మధ్య గదిలో రెండు మూడు చుక్కలుంటే అది అలల మోత. అక్కడ రీడ్లని కావాలనే కొంచెం ఎడంగా శ్రుతి చేస్తారు. ఒక్కడు వాయిస్తే సొగసు. ఏడుగురు కలిసి అదే నొక్కితే తేనెటీగల గూడు కదిపినట్టుంటుంది. బృందంలో అందరూ మధ్య గదిలో ఒంటి చుక్క స్విచ్ మీదే ఉండాలి. ఒక్కడికి మాత్రం కింది చుక్క, మంద్రానికి.

ఎడమచేతి బొత్తాల సంగతి. 120 బేస్‌లో ఇరవై నిలువు వరసలు, ఒక్కోదానిలో ఆరు బొత్తాలు. వరసకీ వరసకీ మధ్య దూరం పంచమం. అంటే షడ్జమం బొత్తాం దొరికితే పై వరసలో దాని పక్కనే పంచమం. ఈ రెండూ చాలు మన సంగీతానికి. తీగలా స-ప పట్టి వదలొద్దు. అదే నిలువు వరసల్లో వాటి పక్కనున్న, ఒక్క నొక్కుకి కొన్ని స్వరాలు కలిపి పలికే కార్డ్ బొత్తాల జోలికి పోవద్దు. మేజర్ కార్డ్‌లో అంతర గాంధారం దాగి ఉంటుంది. హిందోళ రాగానికి దానికంటే కిందిదైన సాధారణ గాంధారం, మధ్యమావతికి గాంధారమే లేదు. కుడిచెయ్యి ఎంత శుద్ధంగా పాడినా ఎడమచెయ్యి రాగం చెడగొట్టేస్తుంది. వినేవాళ్లకి తప్పు ఎక్కడుందో తెలీదు, ఏదో బాగాలేదని మాత్రం తెలుస్తుంది. 48 బేస్ చిన్న పెట్టెల్లో కొన్నిటికి నిలువు వరసలు ఎనిమిదే. వాటిలో ఒకటిన్నర శ్రుతి షడ్జమం, పొడవునా సాగే ప్రధాన బేస్ వరసలో సాధారణంగా దొరకదు. తిత్తి పక్కనున్న కౌంటర్ బేస్ వరసలో, ఆరో శ్రుతి బొత్తానికి జతగా ఉంటుంది. దాని పంచమమూ అదే వరసలో పక్కదే.

పాటలు ఎంచుకునేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. మన విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఫిడేలు పాఠం చెప్పారు. ఇది ఫిడేలు ఊరు. స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే గమకం చెవులకి పట్టిన ఊరు. 1829లో వియన్నాలో పేటెంట్ పుచ్చుకున్న ఈ పెట్టెకి స్వరానికీ స్వరానికీ మధ్య జారే దారి లేదు. ఇదే గుణానికి హార్మోనియాన్ని ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా గుమ్మం ఎక్కనివ్వలేదు. అందుకని తోడి, సహాన, బేగడ రాగాలు ముట్టుకోవద్దు. తోడిని మెట్ల మీద పలికిస్తే స్వరాలన్నీ ఉంటాయి, తోడి ఉండదు. మోహన, హంసధ్వని, బిలహరి, కదనకుతూహలం, శంకరాభరణం ఇవి మన పెట్టెకి నప్పేవి. ముత్తుస్వామి దీక్షితర్ నొట్టుస్వరాలైతే ఇంగ్లీషు బ్యాండు వరసల మీద పుట్టినవే, పిల్లలకి అవి ఇయ్యి. ఎకార్డియన్ అక్కడ పుట్టింటికి వచ్చినట్టు పలుకుతుంది.

కొత్తగా చేరిన వాళ్లకి ఒక కిటుకు చెప్తాను. నల్లమెట్లు ఐదింటినే తీసుకో. నాలుగున్నర శ్రుతిలో షడ్జమం పెడితే ఆ ఐదూ మోహన. అవే మెట్లు, ఐదున్నరలో షడ్జమం అనుకుంటే మధ్యమావతి. ఒకటిన్నరలో శుద్ధసావేరి, రెండున్నరలో శుద్ధధన్యాసి, ఆరున్నరలో హిందోళం. కుడిచేతి మెట్లు మారలేదు, ఎడమచేతి షడ్జమం మారింది, రాగం మారింది. దీన్ని పిల్లలకి కాగితం మీద రాసి చెప్పకు. స-ప పట్టి వినిపించు, వాళ్లే ఇదేటి అని అడుగుతారు. ఒక్కటే ఇబ్బంది, నల్లమెట్లు సన్నం, చెమటకి జారతాయి. బొటనవేలు వాటి మీదికి ఎక్కితే చెయ్యి బిగుసుకుంటుంది. రుమాలు దగ్గర పెట్టుకోమను, మణికట్టు కొంచెం ఎత్తమను.

రిహార్సల్‌లో అన్నిటికంటే ఎక్కువ సేపు తిత్తి మీద పెట్టు. తిత్తి దిశ మార్చడమంటే పాటలో ఊపిరి పీల్చడం. మాట మధ్యలో మారిస్తే సాహిత్యం తెగుతుంది. ఆదితాళంలో మధ్యలయ అయితే ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) తెరువు, ఒక ఆవర్తనం మూయి. విలంబమైతే అరుదికి, అంటే ఆవర్తనం మధ్యలో, మార్చుకో. స్వరం కాగితం మీద బాణం గుర్తులు వేయించు, ఏడుగురూ ఒకే చోట మార్చాలి. ఒకడు మూస్తుంటే ఇంకొకడు తెరుస్తుంటే చూపుకీ బాగోదు, చెవికీ బాగోదు. మెట్టు నొక్కకుండా తిత్తిని బలవంతంగా మూసేవాడు కనిపిస్తే అక్కడే ఆపు. గాలి బొత్తాం ఉన్నది అందుకే.

కుర్చీలు చేతులు లేనివి, మోకాళ్లు తుంటితో సమానంగా ఉండేంత ఎత్తువి. మెట్ల పలక కింది కొస కుడి తొడ లోపలివైపు ఆనాలి, తిత్తి ఎడమ తొడ మీద. ఎడమ భుజం పట్టీ కుడిదానికంటే కొంచెం పొట్టిగా కట్టుకోవాలి.

వేదికకి వచ్చేసరికి: ఒక్కో బృందానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఇస్తామంటారు. ఐదు అంశాలు తయారు చేసుకో, హంసధ్వనితో మొదలు, మధ్యమావతితో ముగింపు. దానికి పన్నెండు నిమిషాల పొట్టి చిట్టా కూడా జేబులో ఉంచుకో. ముందు వక్తలు ఆగరు, అటు రాత్రి పదికి మైకు ఆపాలి, అనుమతి ప్రత్యేకంగా పొడిగిస్తే తప్ప. మైకు కుడివైపు జాలీకి జానెడు దూరంలో ఒకటి, ఎడమవైపు మూరెడు దూరంలో ఒకటి. ఎడమచెయ్యి కదులుతుంది కాబట్టి దగ్గర పెడితే తగిలి దబదబమంటుంది. బేస్ తగ్గించమని సౌండ్ అబ్బాయికి ముందే చెప్పు. ఆరుబయట స-ప బూమ్మని మిగతా పాటని మింగేస్తాయి.

సిరిమాను రోజు కార్యక్రమం ఉంటే పెట్టెలు పొద్దున్నే బేగి చేర్పించు. పైడితల్లమ్మ చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరిగే దారిలో మధ్యాహ్నం తరవాత ఆటో కదలదు. పదికిలోల పెట్టె ఎత్తుకుని ఆ జనంలో నడవడం మనిషికీ మంచిది కాదు, పెట్టెకీ కాదు.

ఆరాధనకి పద్ధతి వేరు. పంచరత్నాల గోష్ఠిలో మనం ముందు వరస కాదు. నాట, ఆరభి, శ్రీ రాగాల కీర్తనలకి మెల్లగా వెంట నడవొచ్చు. గౌళ, వరాళి వచ్చినప్పుడు మెట్లు వదిలేసి స-ప మాత్రం పట్టుకోండి. ఆ రోజు శ్రుతి ఎంతో ముందు వెళ్లి పెద్దవాళ్లని అడిగి రా.

అరసవల్లిలో తెల్లవారుజామున అవకాశం దొరికితే మాఘం చలి సంగతి మర్చిపోకు. మంచులో తిరిగిన పెట్టెని లోపలికి, దీపాల వేడిలోకి తేగానే రీడ్ల మీద నీటి చెమ్మ కడుతుంది. కేసు మూసే ఉంచి అరగంట ఆగు. తరవాత తెరిచి, గాలి బొత్తాం నొక్కి తిత్తిని ఊరికే నాలుగుసార్లు ఆడించి, అప్పుడు మొదటి స్వరం పట్టు.