పొడి దగ్గుకు రెండు మార్కులు

ప్రశ్న: మేడమ్, ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫార్మకాలజీ ఎంత బట్టీ పట్టినా నెల తిరిగేసరికి మిగలడం లేదు. ఓపీలో రోగి ఎదురుగా కూర్చుంటే ఒక్క మందు పేరూ నోటికి రాదు. మీరు పాఠం ఎలా చెప్పేవారు?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: అమ్మాయీ, పుస్తకం మందుతో మొదలై జబ్బు దగ్గరికి నడుస్తుంది. రోగి అవతలి వైపు నుంచి వస్తాడు. మధ్యలో ఇద్దరూ కలుసుకోవడం ఎవరూ నేర్పరు. నేనూ చాలాకాలం నేర్పలేదు.

గుంటూరులో నేను పాఠాలు చెప్పే రోజుల్లో మిర్చి యార్డు హమాలీ ఒకాయన పొడి దగ్గుతో వచ్చాడు. యాభై దాటిన మనిషి. యార్డులో పని అనగానే మా పిల్లలందరూ మిరప ఘాటే కారణమని తేల్చేశారు. ఆయన సంచిలో మూడు దగ్గు మందు సీసాలు, సగం వాడిన యాంటీబయాటిక్ అట్ట ఉన్నాయి. "బీపీకి ఏమైనా వాడుతున్నారా?" అని అడిగాను. తువ్వాలు కొంగు ముడి విప్పి మాత్రలు చూపించాడు. ఎనాలప్రిల్! అంతకు ముందు వారమే పరీక్షలో ఎనాలప్రిల్ దుష్ప్రభావాలు అడిగితే క్లాసంతా 'పొడి దగ్గు' అని రాసింది. రెండేసి మార్కులు వేసింది నేనే. ఆ దగ్గు ఎదురుగా కూర్చుని దగ్గుతుంటే ఒక్కరూ గుర్తు పట్టలేదు.

ఎనాలప్రిల్ ఆపే ఎంజైమే ఒంట్లో తయారయ్యే రసాయనం బ్రాడీకైనిన్‌నూ విరగ్గొడుతుంది. ఆ పని ఆగిపోతే బ్రాడీకైనిన్ పేరుకుని గొంతులో గరగర మొదలవుతుంది. బీపీకే వాడే మరో మందు లోసార్టాన్ ఆ ఎంజైమ్ జోలికి పోదు. ఫిజీషియన్ దానికి మాత్ర మార్చారు, కొన్ని వారాల్లో దగ్గు పోయింది. సీసాల ఖర్చు మాత్రం ఆయనకు తిరిగి రాలేదు.

ఆ తర్వాత నా ప్రశ్నపత్రం తిరగబడింది. 'ఫలానా మందు దుష్ప్రభావాలు రాయండి' అనడం మానేశాను. 'ఈయన బాధ ఇది, వాడుతున్నవి ఇవి, దేన్ని ఆపుతావు?' అని అడిగేదాన్ని. మొదటి ఏడాది మార్కులు చూసి పిల్లలతో పాటు నేనూ బెంగపడ్డాను!

ఇంకో పాఠం మూడు సీసాలతో చెప్పేదాన్ని. పది కిలోల పిల్లవాడికి జ్వరం. పారాసిటమాల్ మోతాదు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే ఒకసారికి 150 మించకూడదు. చీటీ మీద అందరూ 'సిరప్ 5 ఎంఎల్' అని రాసేవారు. అప్పుడు సీసాలు బల్ల మీద పెట్టేదాన్ని. ఒక సిరప్‌లో ఆ అయిదు ఎంఎల్‌కు 120 మిల్లీగ్రాములు, రెండో దానిలో 250. చుక్కల మందు సీసాలో అయితే 500! అమ్మ చేతికి ఏ సీసా వస్తుందో నీకు తెలియదు. కాబట్టి సీసా బలం రాయని చీటీ సగం చీటీయే.

1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మంచి చీటీ రాయడం మీద ఒక మార్గదర్శి వేసింది. అందులో నాకు నచ్చిన మాట 'సొంత మందు'. తరచుగా వచ్చే ఒక్కో జబ్బుకు పనితనం, భద్రత, రోగికి అనువు, ధర చూసి ఒక మందును ముందే ఎంచుకుని పెట్టుకోవడం. నువ్వు పది జబ్బులతో మొదలుపెట్టు. విరేచనాల పిల్లవాడికి ఓఆర్ఎస్, జింకు. వయసు ఆరు నెలలు దాటితే జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు. మామూలు జలుబుకు యాంటీబయాటిక్ లేని చీటీ కూడా రాసి చూడు. మా పిల్లలకు అన్నిటికంటే కష్టమైనది అదే. చెయ్యి ఊరుకోదు.

ప్రశ్న: మా అబ్బాయిదీ మెడిసిన్ రెండో సంవత్సరమే. ఫార్మకాలజీకి ప్రత్యేకంగా కోచింగ్ కావాలంటున్నాడు. కట్టమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందు ఇంట్లో మందుల డబ్బా అతని ముందు పెట్టండి. ఒక్కో మాత్ర ఎవరిది, ఎందుకు, ఎప్పుడు ఆపాలి అని మీకు తెలుగులో చెప్పమనండి. రెండు ఆదివారాలు చెప్పగలిగితే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోవచ్చు. అడుగున కంటి చుక్కల సీసా ఏదైనా దొరికితే మూత ఎప్పుడు తీశారో చూడండి. నెల దాటితే పారేయండి.