911 కొంటానంటున్న కార్తీక్‌కి

హ్యూస్టన్

చిరంజీవి కార్తీక్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

రాత్రి మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. "అక్కా, వీడు ఇంత పాత కారుకి కొత్త కారంత డబ్బు పోస్తానంటున్నాడు, నువ్వైనా చెప్పవే" అంది. ఏం కారే అంటే "ఏదో పోర్షే అట" అని నీ ఫొటో పంపింది. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. భయమేసింది. గర్వంగానూ ఉంది. చదువు అప్పు తీర్చేశావు, ఊళ్లో ఇంటి మీద గది వేయించావు, ఇన్నాళ్లకి నీ కోసమని ఒకటి కోరుకున్నావు. వద్దనడానికి రాయడం లేదు నాన్నా. కొను. కానీ చూసి కొను.

నేను ఇన్నేళ్లు చేసిన ఉద్యోగం నీకు తెలుసు కదా. గుద్దుకున్న కార్లూ, మునిగిన కార్లూ, తగలబడ్డ కార్లూ చూసి ఇన్సూరెన్సు కంపెనీ తరఫున లెక్క కట్టడమే నా పని. అందుకని ఎంత అందమైన కారు చూసినా, దీనికి ఏం జరిగి ఉంటుందన్న ఆలోచనే నాకు ముందొస్తుంది. నువ్వు రంగు చూసి మురిసిపోతున్నావు గనక ఆ ఆలోచన నీ వంతు కూడా నేనే చేస్తాను.

ఫొటోలో ఉన్నది 2007 పోర్షే 911 కరేరా ఎస్. 997 అంటారే, ఆ తరం. 3.8 లీటర్ల ఇంజన్, 355 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు. నీ ఎంపికను తప్పుపట్టను. ఈ కారు గురించి ఎవర్ని అడిగినా ముందు ఐఎంఎస్ బేరింగ్ (ఇంజన్ లోపలి ఒక షాఫ్టుని మోసేది) పేరు చెప్పి బెదిరిస్తారు. ఆ బేరింగ్ విరిగితే ఇంజన్ పోతుందన్నది నిజమే. అయితే ఆ బెడద ఎక్కువగా దీనికి ముందొచ్చిన 996లకి. 2006 నుంచి పెద్ద బేరింగ్ వేశారు, అది పోవడం చాలా అరుదు. కాకపోతే ఇంజన్ మొత్తం విప్పితే తప్ప దాన్ని బయటికి తీయలేరు. కాబట్టి అమ్మేవాడు "ఆ బేరింగ్ నేను మార్పించేశాను" అంటే, ఇంజన్ విప్పిన బిల్లు చూపించమను. బిల్లు లేకపోతే అతను చెప్పే మిగతా మాటలు కూడా ఆ లెక్కలోనే వేసుకో.

నువ్వు నిజంగా భయపడాల్సింది సిలిండర్ల గురించి. ఈ 3.8 ఇంజన్లలో పిస్టన్ రాసుకుని సిలిండర్ గోడల మీద గీతలు పడతాయి. బోర్ స్కోరింగ్ అంటారు. ఇంజన్ వేడెక్కాక టిక్ టిక్‌మని సన్నగా చప్పుడొస్తుంది, ఆయిల్ ఎక్కువ తాగుతుంది, రెండు వైపుల సైలెన్సర్ గొట్టాల్లో ఒకవైపు మరీ మసిగా ఉంటుంది. ఈ గుర్తులేవీ లేనంత మాత్రాన బాగున్నట్టు కాదు. స్పార్క్ ప్లగ్గులు తీయించి, బోర్‌స్కోప్ కెమెరా లోపలికి దింపి, ఆరు సిలిండర్లూ చూడాలి. ఆ ఫొటోలు నీ చేతికివ్వాలి. ఇంజన్ తిరిగి కట్టించాలంటే కారు ధరలో సగం దాకా పోవచ్చు. తనిఖీకయ్యే కొన్ని వందల డాలర్ల దగ్గర లోభించావంటే నేనూరుకోను. ఆ మెకానిక్కుని నువ్వు వెతుక్కో, డబ్బులు నువ్వివ్వు. అమ్మేవాడు "మా వాడున్నాడు, బాగా చూస్తాడు" అంటే ఒప్పుకోకు.

అదే మెకానిక్కుని ఓవర్-రెవ్ రిపోర్టు తీయమను. నాలుగు నుంచి ఐదో గేరుకి వెళ్లబోయి చెయ్యి తడబడి మూడులో పడేస్తే, చక్రాలే ఇంజన్ని హద్దు దాటించి తిప్పేస్తాయి. అప్పుడు ఏ కంప్యూటరూ ఆపలేదు. ఆపలేదు కానీ రాసిపెట్టుకుంటుంది. ఎన్నిసార్లు, ఏ స్థాయిలో, ఇంజన్ ఎన్ని గంటలు తిరిగాక జరిగిందో ఆరు మెట్లుగా లెక్క ఉంటుంది. కింది మెట్లలో అంకెలు ఎన్నున్నా కంగారుపడకు. పై మూడింట్లో, అందులోనూ ఈమధ్య గంటల్లో ఏమైనా కనిపిస్తే వదిలేసి ఇంటికి రా.

కారు చూడ్డానికి వెళ్లేముందు ఫోన్ చేసి, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పు. వెళ్లగానే వెనక ఇంజన్ మూత మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే అడుగు, ఎందుకు నడిపావని. ఇది మీ తాతయ్య నేర్పిన పాఠం. ఆయన పాత అంబాసిడర్ కొనడానికి బెజవాడ ఆటోనగర్ వెళ్తూ నన్ను వెంటబెట్టుకెళ్లారు. తెల్లారకముందే ఆ షెడ్డు ముందు నిలబడ్డాం. షెడ్డు వాళ్లు లేచి పళ్లు తోముకుంటుంటే, తాతయ్య బానెట్ మీద అరచెయ్యి వేసి, "చల్లటి ఇంజన్ అబద్ధం చెప్పదమ్మా" అన్నారు. మొదటి స్టార్టులో వచ్చే పొగ, మొదటి నిమిషంలో వచ్చే చప్పుడు మళ్లీ సాయంత్రం దాకా దొరకవు. ఆడపిల్లకి ఇవెందుకని ఆయన ఒక్కసారీ అనుకోలేదు. నేను ఈ ఉద్యోగంలో నిలబడ్డానంటే ఆ పొద్దు వల్లే.

టైర్ల పక్కన నాలుగంకెలుంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం. ఆరేళ్లు దాటితే, గాట్లు ఎంత లోతుగా ఉన్నా మార్చాల్సిందే, ఆ డబ్బు ధరలో తగ్గించమను. బ్రేకు క్యాలిపర్లు పసుపు రంగులో ఉంటే అవి సెరామిక్ బ్రేకులు, డిస్కులు మార్చే ఖర్చు ముందే కనుక్కో. ముందు బంపర్ సందుల్లోకి టార్చి వేసి చూడు. రేడియేటర్లు అక్కడే ఉంటాయి, ఆకులు చేరి కుళ్లి వాటిని తినేస్తాయి.

ఇక నీటి సంగతి. మీ పెదనాన్న ఉన్నన్నాళ్లూ ఇది మీ ఇంట్లో చెప్పనివ్వలేదు. ఇప్పుడు నీకు చెప్పాలి.

2005 ఆగస్టులో కత్రినా తుపాను వచ్చింది. మా ఆఫీసు నన్ను లూసియానా పంపింది. న్యూ ఆర్లీన్స్ చుట్టుపక్కల బీళ్లలో మునిగిన కార్లు వరసలు వరసలుగా నిలబెట్టారు. తలుపు తీస్తే వచ్చే వాసన బట్టలకి పట్టేసి ఉతికినా పోయేది కాదు. నెలల తరబడి అక్కడే పని, వీలున్నప్పుడు ఇంటికి రావడం. మరుసటి ఏడాది వసంతంలో ఒక రాత్రి ఇంటికొచ్చేసరికి గ్యారేజీలో ఎర్రటి రెండు సీట్ల కన్వర్టిబుల్ ఉంది. కాలేజీ రోజుల నుంచి అలాంటి కారు మీద ఆశ మీ పెదనాన్నకి. నన్ను ఆశ్చర్యపరచాలని చెప్పకుండా కొన్నారు. మార్కెట్ కంటే బాగా చవక. టైటిల్, అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం, శుభ్రంగా ఉంది, వేరే రాష్ట్రంలో ఇచ్చింది.

పొద్దున్నే లేచి సీటు బెల్టు చివరిదాకా లాగాను. లోపల చుట్టుకుని ఉండే ఆఖరి జానెడు పట్టీ మీద మట్టిరంగు గీత. సీటు కింద చెయ్యి పెడితే పట్టాల స్క్రూలు తుప్పు. తివాచీ కొత్తది, కారు ఐదేళ్లది. చూపించి, ఇది మునిగిన కారండీ అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. "రోజూ అవే చూసీ చూసీ నీకు అన్నీ అలాగే కనిపిస్తున్నాయి" అన్నారు. వెనక్కిచ్చేద్దామంటే వినలేదు. నడుస్తోంది కదా అన్నారు. నడిచింది కూడా. అదే దాని మోసం. నీళ్లు ఎండిపోయాక కారు మామూలుగానే నడుస్తుంది. వైర్ల కనెక్టర్లలో ఉండిపోయిన ఒండ్రు, రాగిని నెమ్మదిగా పచ్చబరుస్తూ తింటుంది. ఏ రోజు తెగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఆ ఆగస్టులో వాన పడుతుండగా, కేటీ ఫ్రీవేలో నడి లేనులో, పక్క సీట్లో మా స్నేహ ఉండగా ఆగిపోయింది. లైట్లు పోయాయి, హజార్డ్ లైట్లు వెలగలేదు, స్టీరింగు బిగుసుకుపోయింది. వెనకొస్తున్న పెద్ద ట్రక్కు డ్రైవరు ఎలా చూశాడో, తన బండి అడ్డంగా ఆపి లైట్లు వేసి మిగతా ట్రాఫిక్‌ని ఆపాడు. ఆ మనిషి పేరు కూడా మాకు తెలీదు. తర్వాత మెకానిక్ సీటు కింద పెట్టె విప్పి చూపించాడు. లోపలంతా పచ్చటి పొడి. ఎయిర్‌బ్యాగు తీగలూ అలాగే ఉన్నాయి. గుద్దుకుని ఉంటే అది తెరుచుకునేది కాదన్నాడు. మీ పెదనాన్న అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయారు. ఆయన్ని ఒక్క మాట అనలేకపోయాను. ఆశపడ్డ మనిషిని ఏమని తిడతాం? ఆ కారుని తుక్కు కింద ఇచ్చేశారు గానీ ఇంకెవరికీ అమ్మలేదు. ఆయన మీద నాకున్న గౌరవంలో అదీ ఒక భాగం.

శుభ్రమైన టైటిల్ ఎలా వచ్చిందంటావా? వరద ముద్ర పడ్డ కారుని, ఆ ముద్రని పట్టించుకోని ఇంకో రాష్ట్రంలో రిజిస్టరు చేయించి, ముద్ర లేని కాగితం పుట్టిస్తారు. టైటిల్ వాషింగ్ అంటారు. ఇప్పుడు కొంత నయం. ఎన్‌ఎమ్‌వీటీఐఎస్ అని జాతీయ రికార్డు ఉంది, 2009 నుంచి మనలాంటి వాళ్లకీ కొద్ది డాలర్లకి అందుతోంది. ఇన్సూరెన్సు మోసాలు పట్టే ఎన్‌ఐసీబీ వాళ్ల వెబ్‌సైటులో వీఐఎన్, అంటే కారు గుర్తింపు నంబరు, కొట్టి ఉచితంగానూ చూడొచ్చు. కారు చరిత్ర చెప్పే కార్‌ఫాక్స్ రిపోర్టు సరే, ఎలాగూ తీస్తావు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ఓనరుకి వరదకీ డబ్బిచ్చే కాంప్రహెన్సివ్ పాలసీ లేకపోతే క్లెయిమే ఉండదు. క్లెయిము లేకపోతే చాలాసార్లు రికార్డూ ఉండదు. 2017లో హార్వీ తుపాను అప్పుడు మా వీధిలోనే అలాంటి కార్లు చూశాను, ఎండబెట్టి, తుడిచి, అమ్మేశారు. రిపోర్టు శుభ్రంగా ఉందని నమ్మి సీటు బెల్టు లాగడం మానకు.

నీ కారుకి డిక్కీ ముందుంటుంది. దాని తివాచీ ఎత్తి, బ్యాటరీ చుట్టూ, మూలల్లో చూడు. హెడ్‌లైట్ల లోపల నీటి గీత ఉందేమో చూడు. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి కనెక్టర్లు చూడు. సెంటు వాసన గుప్పుమంటే అద్దాలన్నీ ఎక్కించి పది నిమిషాలు లోపల కూర్చో. 2022 ఇయన్ తుపాను ముందో తర్వాతో ఫ్లోరిడాలో ఉన్న కారైతే రెండింతలు చూడు. టెక్సస్‌లో ఏటా చేసే సేఫ్టీ తనిఖీ 2025 జనవరి నుంచి మామూలు కార్లకి తీసేశారు. మీ డాలస్‌లో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. కాబట్టి ఎవరో చూసే ఉంటారులే అనుకోవడానికి లేదు.

కాగితాలు: టైటిల్ మీద బ్యాంకు పేరుంటే అప్పు తీరినట్టు విడుదల పత్రం చూశాకే డబ్బివ్వు. టైటిల్ నీ పేరుకి మార్చడానికి 130-యు ఫారం, 6.25 శాతం పన్ను. ధర తక్కువ రాసి పన్ను మిగుల్చుకుందామని ఎవరైనా అంటే వినకు, రాష్ట్రం తన లెక్క తను చూసుకుంటుంది.

ఇన్సూరెన్సు కొన్నాక కాదు, కొనకముందే అడుగు. వీఐఎన్ ఇచ్చి ధర తెలుసుకో. ఇక్కడ చట్టం అడిగే కనీసం, గాయపడ్డ ఒక్కొక్కరికి 30,000, ఒక ప్రమాదంలో గాయాలన్నిటికీ కలిపి 60,000, ఎదుటివాళ్ల ఆస్తికి 25,000. అంటే ఎదుటివాళ్ల బండికి 25,000 డాలర్లే. నువ్వు తిరిగే ప్లేనోలో ఎదుటి బండి ఖరీదు అంతకు రెట్టింపు ఉంటుంది. కనీసంతో రోడ్డెక్కకు. ఇన్సూరెన్సు లేని వాడు గుద్దితే పనికొచ్చే కవరేజీ తప్పకుండా తీసుకో. పాత ఓనరు సస్పెన్షన్, సైలెన్సర్ మార్పించి ఉంటే అవి కంపెనీకి చెప్పు. చెప్పని వాటికి తర్వాత డబ్బు రాక ఏడ్చినవాళ్లు నా ఎదురుగా కూర్చునేవాళ్లు, వాళ్లలో చాలామంది నీ వయసువాళ్లు.

ఇంకొక్కటి రాసి ఆపుతాను. 911కి ఇంజన్ వెనక చక్రాలకీ వెనకాల ఉంటుంది. మలుపులో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీస్తే తోక తిరిగి ముందుకొస్తుంది. తడి రోడ్డు, పాత టైర్లు అయితే ఇంకా తొందరగా. కారు జారకుండా అదుపులో పెట్టే పీఎస్‌ఎమ్ బటన్ జోలికి పోకు, దాన్ని అలాగే ఉండనీ. నీ దగ్గరే పోర్షే క్లబ్ మావెరిక్ శాఖ ఉంది. ట్రాక్ మీద పక్కన మనిషిని కూర్చోబెట్టి నడపడం నేర్పిస్తారు. మొదటి ఖర్చు కొత్త టైర్లకి, రెండోది ఆ క్లాసుకి. మామూలు పాలసీ ట్రాక్ మీద పనిచేయదు, ఆ రోజుకి విడిగా తీసుకోవాలి. ఫ్రీవే మీద ఎవడైనా పక్కకొచ్చి ఇంజన్ మోగిస్తే వాడిని వెళ్లనీ. నా ఫైళ్లలో ఎన్ని అలా మొదలయ్యాయో నీకు చెప్పను, చెబితే మీ అమ్మకి కూడా నిద్ర పట్టదు.

అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకు. వీఐఎన్ పదిహేడు అక్షరాలూ ఈ రాత్రే పంపు. మెకానిక్ దగ్గర శనివారానికి టైము తీసుకో. నేను శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరి ఐ-45 మీద వచ్చేస్తాను, నాలుగు గంటలే. అమ్మేవాడు "ఇంకొకరు అడుగుతున్నారు, రేపే తేల్చండి" అంటే ఆ ఇంకొకరికే ఇచ్చుకోమను. మీ అమ్మకి మాత్రం ఏం తేలిందో నేను చెప్పను. కారు మంచిదైనా కాకపోయినా శనివారం సాయంత్రం నువ్వే ఫోన్ చేసి చెప్పాలి.

ఇట్లు
మీ పెద్దమ్మ