ఆర్సీ విమానం (రేడియో రిమోట్‌తో నడిపే చిన్న విమానం) ఎగరేయడం పుట్టుకతో రావాలా? నేనెందుకు ఒకచోటే ఆగిపోయాను?

తిరుపతిలో రెండేళ్లుగా ట్రైనర్ (నేర్చుకునేవాళ్ల విమానం) ఎగరేస్తున్నా ఎదుగూ బొదుగూ లేదనీ, మీ తర్వాత మొదలుపెట్టిన కుర్రాడు అప్పుడే తలకిందులుగా ఎగరేస్తున్నాడనీ రాశారు. మాది చిత్తూరు. వేసవిలో ఎండిన చెరువుల్లో చాలా ఏళ్లుగా ఎగరేస్తున్నాను, పిల్లలకు నేర్పిస్తున్నాను.

సహజ ప్రతిభ ఉంది, కాదనను. విమానం మనకు ఎదురుగా వస్తున్నప్పుడు ఎలరాన్ (విమానాన్ని పక్కకు వాల్చే రెక్క పలక) కుడి ఎడమలు తారుమారవుతాయి కదా, అక్కడే తేడా బయటపడుతుంది. మా తమ్ముడి కొడుక్కి అది వెన్నతో పెట్టిన విద్య. మిగతావాళ్లకు నేను చెప్పే కిటుకు: ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకే స్టిక్ నెట్టండి, అది లేస్తుంది.

కానీ ఆ అబ్బాయీ ఆగాడు, పక్కగాలిలో దించే దగ్గర. అంతవరకూ ఎలరాన్‌తోనే పని జరిగిపోవడంతో రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) అవసరం పడలేదు. పక్కనే నిలబడి చూశాను. విమానం ముక్కు గాలివైపు తిరిగిపోతున్నా, వాడి ఎడమ బొటనవేలు థ్రాటిల్ (మోటారు వేగం) స్టిక్ మీద పైకీ కిందికీ తప్ప పక్కకు జరగనే లేదు. మోడ్ 2 ట్రాన్స్‌మిటర్‌లో (థ్రాటిల్ ఎడమ స్టిక్‌లో ఉండే రిమోట్) రడ్డర్ ఉండేది ఆ స్టిక్‌లోనే!

నేను చూసినంతలో చాలామందిని ఆపేది ప్రతిభ లేకపోవడం కాదు, చేతికి అలవాటైన చుట్టు. ఈసారి గమనించండి, మలుపులన్నీ ఒకే వైపు, గానుగెద్దు తిరిగినట్టు ఉంటాయి. మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో వయొలిన్ విద్యార్థుల మీద రాసిన వ్యాసంలోంచి జనం ఎన్ని గంటలు సాధన చేయాలనే లెక్కే పట్టుకున్నారు. రాని చోటునే పట్టుకుని సాధన చేయడమన్నది అందులో అసలు సంగతి.

కాబట్టి ఒక్కో బ్యాటరీకి ఒక్కటే పని పెట్టుకోండి. ముందు అలవాటు లేని వైపు చుట్లు. తర్వాత అడ్డంగా పడుకున్న ఎనిమిది: గీతలు దాటే చోటు మీ ఎదుటే రావాలి, ఎత్తు మారకూడదు. రెక్క వాలినప్పుడు పైకి లేపే బలం కొంత పక్కకు పోతుంది, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ కదిపే తోక పలక) స్టిక్ కాస్త లాగాలి. అలవాటైన మలుపులో తెలియకుండానే లాగే వేలు, రెండో వైపు మలుపులో మరిచిపోతుంది. గాలి వీచే వైపుకు ఎనిమిది జరిగిపోతుంది కూడా, దాన్ని ఉన్నచోటే నిలబెట్టడం ఇంకో పని.

తలకిందుల సంగతి: ఆ కుర్రాడి విమానం ఏమిటో ముందు చూడండి. రెక్కలు పైకి వంగిన హైవింగ్ (రెక్క పైభాగాన ఉండే) ట్రైనర్ తలకిందులుగా నిలవదు, మళ్లీ సరిగా తిరగాలనే చూస్తుంది. దానితో మిమ్మల్ని మీరు అతనితో పోల్చుకోవడం అన్యాయం. పైగా అక్కడ ముక్కు లేపాలంటే స్టిక్ ముందుకు నెట్టాలి, భయపడితే చేయి వెనక్కే లాగుతుంది. ఇది సిమ్యులేటర్‌లో నేర్చుకోండి, పికాసిమ్ ఉచితమే.

రేణిగుంట విమానాశ్రయం ఉంది కనుక చోటు ఎంచుకునే ముందు డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) తప్పక చూడండి. తిరుమల కొండ మీద అసలే వద్దు. చిత్తూరు వైపు వస్తే రాయండి, పొద్దున్నే గాలి లేవకముందు చెరువులో కలుద్దాం.