ఉగాదినాడు అమ్మ ఎవరి వంతు?

ప్రశ్న: నా వయసు 43. అనంతపురంలో ప్రైవేటు ఉద్యోగం. నా భార్య టీచరు. మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. నాన్న 2017లో పోయారు. రెండేళ్ల తర్వాత అన్నా నేనూ భాగాలు పంచుకున్నాం. చెల్లెలికి పెళ్లప్పుడు బంగారం పెట్టాం, తను ఏమీ అడగలేదు. అమ్మ విషయంలో ఒప్పందం ఏమిటంటే దసరా నుంచి ఉగాది దాకా అన్న దగ్గర, ఉగాది నుంచి దసరా దాకా మా దగ్గర. గొడవంతా ఉగాది రోజే. వంతు మారేది ఆ రోజే కాబట్టి పండగ ఎవరి లెక్కలోకి వస్తుందో తేలదు. ఓళిగలు (బొబ్బట్లు) అమ్మే చేయాలి. ఆమె లేకపోతే మాకు పండగ చేసుకున్నట్టే ఉండదు. పండగ అయ్యాకే పంపుతానని వదిన అంటుంది. ముందు రోజే రావాలని నా భార్య అంటుంది. పైగా ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది. మా వంతు ఏడు నెలలవుతుంది, ఆ నెల చెరి సగం చేసుకోవాలని నా భార్య వాదన. అమ్మకూ ఆమెకూ అంతంతమాత్రమే. బోరు దగ్గర మాటామాటా వచ్చి అన్నతో నేను మాట్లాడటం మానేశాను. అమ్మకూ భార్యకూ మధ్య నలిగిపోతున్నాను. పండగ రోజు అమ్మ ఎవరి ఇంట్లో ఉండటం న్యాయం?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు, పైన వేసింది అందులో కొంతే. అడిగినదానికి ముందే జవాబు చెప్పేస్తాను. 2026 మార్చి 19, గురువారం ఉగాది. ఆ రోజు మీ అమ్మ తనకు ఎక్కడ ఉండాలనిపిస్తే అక్కడ ఉంటుంది. అంతే. దాని మీద ఇంకో ముక్క రాయను.

అధిక మాసం సంగతి మాత్రం వదలబుద్ధి కావడం లేదు. క్యాలెండరు తీసి కూర్చుని నేనే లెక్కేశాను. కిందటి దసరా అక్టోబరు 2న వచ్చింది. అక్కణ్నుంచి ఈ ఉగాదికి 168 రోజులు. ఈ ఉగాది నుంచి రాబోయే దసరా, అంటే అక్టోబరు 20 దాకా, 215 రోజులు. మీ ఆవిడ లెక్క సరిగ్గానే ఉంది. మీకు 47 రోజులు ఎక్కువ పడుతున్నాయి. ఆ 47 రోజులకు అమ్మ ఎన్ని ముద్దలు తింటుందో కూడా లెక్కేసి రాయాల్సింది, ఆ గడి ఒక్కటే ఖాళీగా ఉంది. రాబోయే సంవత్సరం పేరు పరాభవ. పేర్లదేముందిలే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.

మన వైపు ఊళ్లలో పండగ మరునాడు పొట్టేలు కోసి పోగులేసి పంచుకుంటారు. మీరు అమ్మకు పోగులేశారు. కోపం వస్తే రానివ్వండి, మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మీ భార్యను తప్పుపట్టడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. పొద్దున బడి, సాయంత్రం వంట, అటు చూస్తే మీరు. అత్త గురించి ఆమె మీ నోటి నుంచి విన్నదల్లా వంతు, తేదీ, ఒప్పందం. పద్దు పుస్తకం చేతికిస్తే ఎవరైనా లెక్కే అడుగుతారు. అత్తాకోడళ్లకు పడటం లేదని అరపేజీ రాశారు గానీ, అందులో పులుసులో ఉప్పు, ఏసీ వేయడం, టీవీ సౌండు తప్ప ఇంకేమీ లేదు. ఏ ఇంట్లో లేవివి? రోజూ గిన్నెలు కడిగే చోట చప్పుడు ఉంటుంది.

అసలు సంగతి మీ మూడో పేజీ అడుగున ఉంది. విసురుగా రాసి పక్క పేజీకి వెళ్లిపోయారు. ‘పోయిన రెండు ఉగాదులకూ అమ్మ ఓళిగలు డబ్బాలో పెడితే, అన్న తెల్లవారి ఐదున్నర బస్సుకు వేసిపోయాడు. నాకు ఫోన్ కూడా చేయలేదు, బస్సు నంబరు మా పిల్లోడికి మెసేజ్ పెట్టాడు.’ ఇదీ మీ ఫిర్యాదు. ఆ రెండు వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను.

ఓళిగలు చేసే ఇంట్లో పుట్టినవారు కదా, కాసేపు ఆ పని తలుచుకోండి. రాత్రే శనగబేడలు ఉడకేసి, కట్టు వంచుకుని చారుకు పక్కన పెట్టుకోవాలి. బేడల్లో బెల్లం వేసి దగ్గరపడేదాకా తిప్పి, ఆరాక మెత్తగా రుబ్బి ఉండలు చేసుకోవాలి. పిండి నూనెలో నాని తీగలా సాగాలి. ఐదున్నర బస్సుకు డబ్బా అందాలంటే మీ అమ్మ మూడింటికైనా పెనం పెట్టి ఉండాలి. వేడి మీద మూత పెడితే చెమ్మ పట్టి ఒకదానికొకటి అంటుకుపోతాయి. కాబట్టి ఒక్కొక్కటీ గుడ్డ మీద ఆరనిచ్చి, చల్లారాక మధ్యలో ఆకులు పెట్టి సర్దాలి. అంత రాత్రిపూట మీ వదిన లేవకుండా ఆ వంటింట్లో ఆ పని జరుగుతుందా? మీరు ఉత్తరమంతా తిట్టిపోసిన వదినే. ఇంకో మాట. పండగనాడు తలంటు, పూజ అయ్యాక నైవేద్యం పెడతాం. ఐదున్నరకు ఏ ఇంట్లో పూజ అవుతుంది? అంటే దేవుడి కంటే ముందు మీ డబ్బా సర్దారు.

ఇక మీ అన్న. డబ్బా పట్టుకుని చీకట్లో రోడ్డు మీదికి వచ్చాడు. పల్లెవెలుగు ఆపాడు. దొర్లిపోకుండా ఎక్కడ పెట్టాలో కండక్టరుకు చెప్పి ఉంటాడు, చేతిలో పదో ఇరవయ్యో పెట్టి ఉంటాడు. బస్సు కదిలాక వెనక నంబరు చూసుకుని మీ అబ్బాయికి మెసేజ్ కొట్టాడు. మాటల్లేని తమ్ముడి కోసం, సంవత్సరం మొదటి పొద్దున. ఆయన మీకు ఫోన్ చేయలేదని మీకు కష్టమేసింది. డబ్బా అందిందని మీరు చేశారా? చేసినట్టు ఎక్కడా రాయలేదు.

చేయకపోగా, ఆ రెండు స్టీలు డబ్బాలూ మీ ఇంటి అటక మీదే ఉన్నాయని రాశారు. ‘అతను అడగడు, నేను పంపను.’ ఎవరింటి గిన్నె అయినా మనింటికి వస్తే ఉత్తది తిప్పి పంపం కదా, ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేస్తాం. మీరు ఉత్తది కూడా పంపలేదు. పక్కింటావిడ గిన్నె రెండేళ్లు ఉంచుకుంటారా ఎవరైనా?

బోరు గొడవ కూడా చదివాను. మన జిల్లాలో ఏడాదంతా కలిపి పడేది 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. ఇక్కడ నీళ్ల దగ్గర మాట తూలని అన్నదమ్ములు తక్కువే. ఆరు వందల అడుగుల బోరు అన్న వైపు పడింది, రెండంగుళాల నీళ్లు, వారం మార్చి వారం పారించుకోవాలి. మీ వారంలో నీళ్లు రాలేదు. మీరు నిలదీశారు. ‘టౌన్లో కూచుని లెక్కలడుగుతావు, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు లేచి మోటారేసేదెవరు’ అన్నాడాయన, పదిమందిలో. నొచ్చుకున్నారు. అబద్ధమైతే అంత నొప్పి ఉండేది కాదని నా అనుమానం. ఆ మరుసటి ఎండాకాలానికి బోరు ఎండిపోయిందని కూడా మీరే రాశారు. ఎండిపోయిన బోరు పేరు చెప్పి ఇన్నేళ్లు మాటలు మానుకున్నారు. అన్నతో నేరుగా తేల్చుకోలేనిదంతా అమ్మ వంతుల్లోంచి, వదిన మాటల్లోంచి, మీ ఆవిడ క్యాలెండరులోంచి బయటికి వస్తోంది.

మా నాయన, మా చిన్నాయన గట్టు మీద చింతచెట్టు ఎవరిదన్న తగువుతో పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. మేము పిల్లలం రెండిళ్ల మధ్యా కబుర్లు మోసేవాళ్లం. చిన్నాయన పోయినరోజు మా నాయన వెళ్లి పక్కన కూర్చుని, గడ్డం పట్టుకుని ‘లేయ్‌రా’ అన్నాడు. పదకొండేళ్ల తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట. చెట్టు ఇప్పటికీ ఉంది. కాయలు రాల్చుకునేవాళ్లు లేక ఎండి కింద పడుతుంటాయి.

భాగాల గురించి కూడా ఒకటి అడగాలి. నాన్న వీలునామా రాయలేదన్నారు. అలాంటప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన వాటాలో మీ అమ్మ, మీరిద్దరు, చెల్లెలు సమాన వారసులు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు మన రాష్ట్రంలో 1986లోనే వచ్చింది, దేశమంతటా 2005లో. మీ ఇంట్లో మాత్రం బంగారంతో సరి. ‘అమ్మ నాకేమీ వద్దంది’ అని రాశారు. వద్దంటుంది. కొడుకుల ముందు కూర్చోబెట్టి కాగితం చేతికిస్తే ఏ తల్లి నా వాటా ఏదిరా అంటుంది? కానీ ఆ మిద్దెలో, ఆ చేలో తన పేరున ఒక ముక్క ఉండి ఉంటే ఇవాళ ఆమె వంతుల మీద బతికే మనిషయ్యేది కాదు, మీరు ఆమె ఇంటికి పండగకు వెళ్లేవాళ్లు. కొడుకులు చూడకపోతే మనోవర్తి ఇప్పించే చట్టం 2007లో వచ్చింది, ఆర్డీవో దగ్గరికి వెళ్లి అర్జీ పెట్టుకోవచ్చు. మీ అమ్మ పెట్టదు. ఆమె పెట్టదని మీకు తెలుసు కాబట్టే ఇన్ని ఏర్పాట్లు సాగుతున్నాయి.

ఇప్పుడు చేయాల్సింది. 18వ తేదీ బుధవారం సాయంత్రం డ్యూటీ అయిపోగానే ఊరికి బయల్దేరండి. అమావాస్య ప్రయాణం అని సాకు చెప్పొద్దు, అమ్మ దగ్గరికి వెళ్లడానికి తిథి అక్కర్లేదు. మీ ఆవిడ, పిల్లలు వస్తే మంచిది. రానంటే బతిమాలొద్దు, గొడవ పడొద్దు, ఒక్కరే వెళ్లండి. ఆ రెండు డబ్బాలూ దించి తోమించండి. తోమించడం కూడా కాదు, మీరే తోమండి. ఒకదాంట్లో కొత్త బెల్లం, ఒకదాంట్లో నెయ్యి పోసుకుని తీసుకెళ్లండి.

అన్న ఎదురుపడితే ఏం మాట్లాడాలని నన్ను అడగకండి. క్షమాపణల ఉపన్యాసం మాత్రం వద్దు, ఆయనకూ ఇబ్బంది. మాట పెగలకపోతే నేరుగా లోపలికెళ్లి ‘వదినా, మంచినీళ్లు’ అనండి. ఇన్నేళ్లుగా ఆ ఇంటి నీళ్లు తాగని మనిషి నీళ్లడిగితే ఆ ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. బోరు మాట ఎత్తొద్దు. ఆయన ఎత్తితే వినండి. రాత్రి మీకు పక్క ఎక్కడ వేస్తారో అక్కడే పడుకోండి. మూడింటికి వంటింట్లో లైటు వెలిగితే మీరూ లేవండి. పెనం మీది ఓళిగ చిరగకుండా తీయడం మీ వల్ల కాదు, అది అమ్మకు వదిలేయండి. గుడ్డ మీద ఆరబెట్టడం, ఆకులు తుడవడం అన్నదమ్ములిద్దరూ చేయగలరు.

పండగ భోజనాలయ్యాక, పక్కన ఎవరూ లేనప్పుడు, ‘అమ్మా, నీకు ఎక్కడ ఉండాలని ఉంది’ అని అడగండి. మీ నాలుగు పేజీల్లో ఆమె మాట ఒకే ఒక్కటి ఉంది: ‘నాదేముందిలే నాయనా, యాడైనా ఒకటే.’ మళ్లీ అదే అంటుంది. లేచి రాకుండా అక్కడే కూర్చోండి. కాసేపటికి ఇంకో మాట వస్తుంది, అది వినండి. ఊళ్లోనే ఉంటానంటే నెలనెలా డబ్బు పంపించి, వారానికోసారి మీరే వెళ్లి చూసి రండి. మీ దగ్గరికి వస్తానంటే పిలుచుకు రండి, కానీ దసరా అని తేదీ వేసి తీసుకురావద్దు. అది ముందే మీ ఆవిడతో కూర్చుని చెప్పుకోండి, బస్సు దిగాక చెప్పేది కాదు.

ఇంకొకటి. చెల్లెలు ఉరవకొండలో ఉందన్నారు కదా. ఆమెకు పుట్టింటి ఓళిగలు ఎవరైనా పంపుతున్నారో లేదో మీ ఉత్తరంలో లేదు. బెల్లం, నెయ్యి ఎలాగూ వదిన తన గిన్నెల్లోకి తీసుకుంటుంది, డబ్బాలు ఖాళీ అవుతాయి. ఒకదాన్ని నింపించి పొద్దున్నే ఆ వైపు వెళ్లే బస్సుకు మీరే వేయండి. నంబరు మెసేజ్ పెట్టొద్దు, ఫోన్ చేసి చెప్పండి.