గింజని ఎండబెట్టొద్దు నాయనా

ఉలవపాడు

చిరంజీవి మేనల్లుడికి,

మీ అత్త ఆశీస్సులు. నువ్వు ఫోన్లో పంపిన ఫొటోలు చూశాను. మేడ మీద చాప పరిచి మామిడి టెంకలు, పనస గింజలు, నేరేడు గింజలు వరసగా ఎండబోశావు. "బాగా ఎండాయత్తా, డబ్బాలో పోసి ఉంచి వానలు పడ్డాక నాటతా" అన్నావు. నా గుండె కలుక్కుమంది. ఈ రోహిణీ కార్తె ఎండలో పది రోజులుంటే వాటిలో ఇంక ప్రాణముండదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నా.

తప్పు నీది కాదు. కొండపిలో పొగాకు చేల మధ్య పెరిగావు. పొగాకు గింజ ఎండితేనే నిలవుంటుంది. తడి తగలకుండా దాస్తే ఏళ్లు గడిచినా మొలుస్తుంది. వడ్లూ కందులూ కూడా అంతే. మామిడి, పనస, నేరేడు అట్టా కాదు. వాటి గింజ నిండా నీళ్లుంటాయి. ఆ నీళ్లు ఆవిరైతే లోపలి మొలక చచ్చిపోతుంది. ఎండల చివర పండు రాలడం, వెనకే వచ్చే తొలకరికి గింజ మొలవడం, వాటి పుట్టుకే అట్టాంటిది. నేరేడు గింజ పండు తిన్న వారం, పది రోజుల్లో మట్టిలో పడాలి. పనస గింజని కడిగి, ఒక రాత్రి నీళ్లలో నానేసి మర్నాడే నాటెయ్. నెల దాటితే దాని మీద ఆశ పెట్టుకోకు. నేను కాపురానికొచ్చిన కొత్తలో నేరేడు గింజలు కాగితంలో పొట్లం కట్టి, వినాయక చవితి నాడు మంచిదని అప్పుడు నాటాను. ఒక్కటంటే ఒక్కటి పైకి రాలేదు. అప్పట్నుంచీ పండు తిన్న చేత్తోనే గింజని తడి ఇసకలో గుచ్చుతున్నా.

ఇప్పుడు మామిడి సంగతి. టెంకని కడిగి, చేతికి జారకుండా ఒక పూట నీడలో ఆరనియ్, అంతే. తర్వాత అంచుని కత్తెరతో కత్తిరించి, టెంకని విప్పి లోపలి జీడి బయటికి తియ్. కొన్నిట్లో టెంకపురుగు తొలిచి జీడి నల్లబడి ఉంటుంది, అవి పారెయ్. టెంకతో నాటినా మొలుస్తుంది గానీ లోపల ఏముందో తెలీదు, మొలకా ఆలస్యంగా వస్తుంది. జీడికి వంపు తిరిగిన వీపు పైకి ఉండాలి. తలకిందులైతే వేరు మెలిక పడుతుంది, ఆ మెలిక చెట్టు బతికినన్నాళ్లూ పోదు. రెండు, మూడు వారాల్లో మొలక కనపడుతుంది. లేతాకు రాగి రంగులో ఉంటే ఎండకి మాడిందని కంగారు పడి నీళ్లు గుమ్మరించేవు, దాని రంగే అది.

ఇంకోటి కూడా చెప్పాలి, నొచ్చుకోకు. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదు. ఆ గింజలో ఉండేది ఒకే పిండం, అది ఏ చెట్టు పుప్పొడి పడి పుట్టిందో తెలీదు. ఏడెనిమిదేళ్లు పెంచాక పీచు కాయ కాస్తే ఎవర్నంటావు? అందుకే గింజ మొక్కని వేరు కోసం పెంచుకుని, కాయ కోసం దాని మీద అంటు కట్టుకోవాలి. అట్టాగైతే అంటుమొక్కలే కొనొచ్చు కదా అంటావేమో. నేనూ ఒక నర్సరీ నుంచి కొని పెట్టాను. 2021 నవంబరు వానలు గుర్తున్నాయిగా, నెల్లూరు దగ్గర పెన్న ఊళ్ల మీదికి వచ్చినప్పుడు. ఆ గాలివానకి మన తోటలో మూడు చెట్లు పక్కకి ఒరిగిపోయాయి. తవ్వి చూస్తే తల్లివేరు చుట్టకుదురులా చుట్టుకుపోయి ఉంది. చిన్న కవర్లో నెలల తరబడి ఉంచిన మొక్కలవి. గట్టు మీద టెంక పడి మొలిచిన నాటు మామిడి మాత్రం కదల్లేదు.

కాబట్టి నీ మెట్ట చేనుకి నా మాట ఇది. ఇప్పుడే 33 అడుగులకి ఒకటి చొప్పున గుంతలు తీయించు. ఎకరానికి 40 చెట్లు పడతాయి. దగ్గరగా పెడదామని ఆశపడకు. గుంత మూడడుగుల లోతు, అంతే వెడల్పు ఉండాలి. వాటిని నాలుగు రోజులు ఎండనిచ్చి, పైమట్టిలో మాగిన పశువుల ఎరువూ వేపపిండీ కలిపి పూడ్చు. పచ్చిపేడ మాత్రం వద్దు, చెదలు పడతాయి. ఒక్కో గుంతలో మూడు జీడులు పెట్టి, బలమైన మొక్కని ఉంచి మిగతావి తీసెయ్. తల్లివేరు అడ్డం లేకుండా కిందికి దిగుతుంది. వచ్చే ఏడు జులై, ఆగస్టుల్లో కాండం పెన్సిలంత లావైతే అక్కడే అంటు కట్టిద్దాం. అంటు కట్టే పుల్లని బాగా కాసే చెట్టు నుంచి నేనే కోసిస్తా. కవర్లలోనే పెంచుతానంటే అడుగు లోతున్నవి తీసుకో. పాల ప్యాకెట్లలో మటుకు పెంచకు.

నిమ్మకి ఇంత తిప్పలు లేదు. ఒక్క గింజ నుంచి రెండు మూడు మొలకలొస్తాయి, వాటిలో చాలావరకు తల్లి పోలికే. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటలు ఎక్కువగా గింజ మొక్కలతో వేసినవే. గజ్జి తెగులు లేని, ఏటా బాగా కాసే చెట్టు చూసుకుని, పండిన కాయ గింజలు తియ్. కడిగి బూడిద పట్టించి నీడలో ఆరబెట్టి వెంటనే చల్లు. నారులో మరీ పొట్టివీ, ఆకు తీరు తేడాగా ఉన్నవీ పీకెయ్.

బొప్పాయి గింజ చుట్టూ జిగురు సంచి ఉంటుంది. బూడిదతో రుద్ది దాన్ని వదిలించకపోతే సరిగా మొలవదు. బజార్లో కొన్న రెడ్ లేడీ పండు గింజలు దాచావట, అది హైబ్రిడ్, తల్లిలా రాదు. నాటు రకమైతే గుంతకి మూడేసి మొక్కలు పెట్టి పూతదాకా ఆగు. పొడవాటి కాడలకి గుత్తులుగా వేలాడేది మగపూత, కాండాన్ని అంటిపెట్టుకుని ఒంటిగా ఉండేది ఆడపూత. పది ఆడచెట్లకి ఒక మగచెట్టు ఉంచి మిగతా మగవి కొట్టెయ్. బొప్పాయి మొదలు దగ్గర నీళ్లు నిలవకూడదు. అక్టోబరు, నవంబరు వాయుగుండాలకి ముందే చుట్టూ మట్టి ఎగదోసి పెట్టు.

సపోటాకి గింజతో పెట్టుకోకు. దాన్ని పాల అనే చెట్టు మొక్క మీద అంటు కడతారు, ఆ అంటుమొక్క ఇక్కడే మంచిది దొరుకుతుంది. నువ్వు దాచుకోదగ్గ గింజ సీతాఫలం. పై పెంకు గట్టిది. ఒక రోజు నానేసి నాటినా మొలవడానికి నెల పట్టొచ్చు, తొందరపడి తవ్వి చూడకు.

నీళ్ల మాట మర్చిపోతున్నా. ఉప్పునీళ్లు పొగాక్కి పనికిరావని మీ నాన్నకి బాగా తెలుసు. మామిడికీ, నిమ్మకీ అంతే, ఆకు కొసలు మాడి మొక్క గిడసబారుతుంది. బోరు నీళ్లు పరీక్ష చేయించు. ఈలోగా డ్రమ్ముల్లో వాననీళ్లు పట్టి మొలకలకి అవే పొయ్యి. పైన తాటాకు పందిరి వెయ్యి.

చాప మీద ఉన్నవి తీసి ఎరువు గుంతలో వేసెయ్. ఆదివారం బస్సెక్కి రా. చెట్ల మీద ఇంకా నాటు రసాలున్నాయి, టెంకలు నీ ముందే విప్పి జీడులు తీసిస్తా. వచ్చేటప్పుడు గోనెసంచి తెచ్చుకో, తడిపి చుట్టి పంపుతా. ఇల్లు చేరాక కాళ్లు కడుక్కునే ముందే వాటిని మట్టిలో పెట్టెయ్.

మీ అత్త