నిద్రపోయిన మనిషి దగ్గరే ఆగిపోతే ఎలా?

ప్రశ్న: మాది కాకినాడ. ఎల్‌ఎల్‌బీ రెండో ఏడాది. 1987లో బెల్జియంలోని జేబ్రుగ్గె రేవు దాటగానే బోల్తాపడిన 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' ఓడ (కార్లనూ జనాన్నీ చేరవేసే ఫెర్రీ) విషయంలో నిర్లక్ష్యం ఎవరిదో రాయమన్నారు. ముందరి తలుపులు మూయాల్సిన ఉద్యోగి నిద్రపోయాడు, తప్పు అతనిదే అని రాశాను. మార్కులు బాగా తగ్గాయి. షిప్పింగ్ లా నాకు పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది. కానీ మీరు తొందరగా తీర్పు చెప్పేశారు. అతను నిద్రపోయాడు, నిజమే. తలుపులు తెరిచి ఉండటం చూసిన బోసన్ (డెక్కు సిబ్బందికి పెద్ద) అది తన పని కాదనుకున్నాడు. సరిచూడాల్సిన ఆఫీసర్‌కు అదే సమయంలో బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద డ్యూటీ. ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి అంతా సవ్యంగానే ఉందనుకున్నాడు కెప్టెన్. బ్రిడ్జి నుంచి ఆ తలుపులు కనిపించవు మరి! తలుపులు మూశారో లేదో తెలిపే సూచిక దీపం అక్కడొకటి పెట్టించమని కెప్టెన్లు ముందే అడిగితే కంపెనీ ఆఫీసులో ఎగతాళి చేశారు. 193 మంది పోయారు. మీ జవాబు ఆ దీపం దగ్గర మొదలు కావాల్సింది.

ఇంకో మెలిక ఉంది. 1983లో అదే కంపెనీకి చెందిన మరో ఓడ తలుపులు తెరిచి ఉండగానే బయల్దేరి క్షేమంగా చేరింది. మరి ఇది ఎందుకు మునిగింది? జేబ్రుగ్గె ర్యాంపు ఎత్తుకు సరిపోవాలని ముందు భాగంలో నీళ్లు నింపి ఓడను కిందికి దించారు. ఆ నీళ్లు పూర్తిగా తోడకముందే వేగం పెంచారు. అడ్డుగోడల్లేని కార్ల డెక్కు మీదికి సముద్రం వచ్చిపడింది. నష్టానికి కారణం ఏదన్న ప్రశ్నకు అసలు సరుకు ఇదీ. 1983 ఘటనతో కంపెనీకి ముందస్తు హెచ్చరిక అందినట్టేనా అన్న వాదన కూడా ఇక్కడే పుడుతుంది.

సివిల్ దావాలో ఉద్యోగి తప్పుకు యజమాని జవాబుదారీ. క్రిమినల్ కేసు దారి వేరు. పెద్ద స్థాయిలో ఉన్న ఏ ఒక్కరి మీదా నేరం రుజువు కాకపోవడంతో 1990లో కంపెనీ మీది కేసు వీగిపోయింది. కార్పొరేట్ నరహత్య మీద బ్రిటన్ ప్రత్యేక చట్టం తెచ్చుకున్నది 2007లో.

ఇక ఉద్యోగం సంగతి. ఇలాంటి ఘోరాలు రోజూ రావు, రాకూడదు కూడా. రోజువారీ పనంతా తడిసిన సరుకు, ఎగ్గొట్టిన ఇంధన బిల్లు, అందని సిబ్బంది జీతాలు. వీటి కోసం ఓడనే అరెస్టు చేయించవచ్చు, అంటే కోర్టు ఆదేశంతో కదలకుండా ఆపించవచ్చు. ఓడల వివాదాలకు సంబంధించిన మన 2017 అడ్మిరాల్టీ చట్టం చదవండి. ఊళ్లోనే రేవు ఉంది కదా, ఈ సెలవుల్లో ఎవరైనా షిప్పింగ్ ఏజెంటును అడిగి లాగ్‌బుక్ (ఓడ ప్రయాణ వివరాలు రాసే పుస్తకం) ఎలా ఉంటుందో ఓసారి చూసి రండి.