నల్లపొగ చిమ్ముతూ లోడు లాగని టర్బో ట్రాక్టరు

ప్రశ్న: మా 55 హెచ్.పి. టర్బో ట్రాక్టరు కొంతకాలంగా చెరకు లోడుతో మొగిలి ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు లాగలేకపోతోంది. సైలెన్సర్ నుంచి నల్లపొగ విపరీతంగా వస్తోంది. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం ఇంజను బాగానే అందుకుంటుంది. డీజిల్ ఫిల్టర్లు మార్చినా ఫలితం లేదు. డీజిల్ పంపు విప్పి క్యాలిబ్రేషన్‌కు (అది ఇచ్చే డీజిల్ కొలతను పరీక్షించి సరిచేయడానికి) పంపాలని మెకానిక్ అంటున్నారు. పంపమంటారా?
– ఒక రైతు, పలమనేరు

జవాబు: ఇప్పుడే పంపు విప్పించకండి. లోడు మీద నల్లపొగ వస్తోందంటే సిలిండర్లలోకి డీజిల్ అందుతోందనీ, దాన్ని పూర్తిగా మండించడానికి తగినంత గాలి అందడం లేదనీ అర్థం. డీజిల్ తక్కువై శక్తి పడిపోయి ఉంటే పొగ ఇంతగా ఉండదు. అప్పుడు ఫిల్టర్లు, ఫీడ్ పంపు, మూసుకుపోయిన ట్యాంకు మూత రంధ్రం వంటివి చూడవలసి వచ్చేది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు సరిగా పనిచేయకపోయినా నల్లపొగ రావచ్చు కానీ, గాలి దారిని చూడడానికి ఖర్చేమీ ఉండదు కాబట్టి ముందు అటు నుంచే మొదలుపెట్టండి.

మొదట ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. వేరుశనగ చేలలో రోటవేటర్ తోలే బండికి దుమ్ము త్వరగా పడుతుంది. బయటి ఫిల్టర్‌ను లోపలి నుంచి బయటికి తక్కువ ఒత్తిడి గాలితో ఊదవచ్చు గానీ, నేలకేసి కొట్టకూడదు. లోపలి చిన్న ఫిల్టర్‌ను శుభ్రం చేయరు, మారుస్తారు.

ఆ తర్వాత టర్బో (ఎగ్జాస్ట్ వాయువు బలంతో తిరుగుతూ ఇంజనులోకి గాలి కుక్కే పరికరం) నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టం) వరకు, ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) ఉంటే దానితో సహా, ప్రతి రబ్బరు హోస్‌నూ క్లాంపునూ పరీక్షించాలి. నా అనుమానం ఎక్కువగా ఇక్కడే. టర్బో కుక్కిన గాలి హోస్ చీలిక నుంచి బయటికి పోతే సిలిండర్లకు అందేది తగ్గిపోతుంది. అయితే లోడు లేనిదే టర్బో పూర్తి ఒత్తిడి పెంచదు కనుక, షెడ్డులో నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కి విన్నంత మాత్రాన లీకు బయటపడకపోవచ్చు. అతుకుల చుట్టూ నూనె జిడ్డు, దానికి అంటిన దుమ్ము, ఘాటులో కొత్తగా వినిపించే ఈల శబ్దం ఆచూకీ ఇస్తాయి. హోస్‌ను చేత్తో వంచి చూడండి. వంపు లోపలి వైపున చీలిక తరచూ దాగి ఉంటుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర మసి చారలు కనిపిస్తే, టర్బోను తిప్పవలసిన వేడివాయువు ముందే బయటికి పోతోందన్నమాట.

ఇవన్నీ బాగుంటే, ఇంజను ఆపి చల్లారిన తర్వాత టర్బో చక్రాన్ని వేలితో తిప్పండి. పక్కలకు కాస్త ఆట (వదులు) ఉండడం సహజమే. ముందుకూ వెనక్కూ ఆట తెలిసినా, చక్రం గోడకు రాసుకుంటున్నా బేరింగ్ పోయినట్టే. ఘాటు ఎక్కి ఆగగానే ఇంజను ఆపేసే అలవాటుంటే ఆ వేడికి బేరింగులో నూనె మాడిపోయి ఈ స్థితి వస్తుంది; 2 నిమిషాలైనా ఐడిల్‌లో ఉంచి ఆపాలి.

టర్బో కూడా బాగుందని తేలాకే నాజిళ్లనూ పంపునూ పరీక్షకు పంపండి. ఈలోగా ఎవరైనా పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచుతామంటే ఒప్పుకోకండి. గాలి చాలని ఇంజనుకు ఇంకా డీజిల్ పోస్తే పొగతో పాటు ఎగ్జాస్ట్ వేడి పెరిగి, హోస్‌తో పోయే ఖర్చు పిస్టన్ల దాకా వస్తుంది.